ఇంజను ఆగిన కాసేపు

సిరీలో ఓహేదా కుదురుగా ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు సాన్ ఇగ్నాసియో సరస్సు ఒడ్డున ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు. తన పెళ్ళినాడు పాదిరీగారి ప్రసంగం సగంలో ఉండగా, గాలి ఎటు తిరిగిందో చూసొస్తానని చర్చి బయటికి వెళ్ళిన మహానుభావుడతను. పెళ్ళికూతురు తోమాసా కంగారుపడలేదు. వస్తాడు లెండి, మీరు కానివ్వండి అని పాదిరీగారికే ధైర్యం చెప్పింది. కాపురానికి వచ్చాక కూడా అంతే. భోజనానికి కూర్చున్నా అతని కాలొకటి గుమ్మం అవతలే ఉండేది. రొట్టెలో చేప చుట్టుకుని, నములుతూ ఒడ్డుకి నడిచేవాడు. అలాంటి మనిషికి తగ్గ పనే దొరికింది, పడవ సరంగు.

వేసవంతా వలలు, చలి మొదట్లో లాబ్‌స్టర్ బుట్టలు. జనవరి రాగానే ఉత్తరపు మంచు సముద్రాల నుంచి బూడిదరంగు తిమింగలాలు పిల్లల్ని కనడానికి, సముద్రంలోకి తెరుచుకునే ఈ సరస్సులోకి దిగుతాయి. వాటి వెనకాలే టూరిస్టులు దిగుతారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ మందా ఈ మందా కూడా ఖాళీ. సిరీలో తాతల కాలంలో ఈ జంతువుని దయ్యమనేవారు. పడవ దగ్గరికొస్తే తెడ్లతో చెక్కల మీద బాది తరిమేవారు. ఇప్పుడు అదే దయ్యం పిల్లని వెంటేసుకుని వచ్చి, పడవ అంచుకి గడ్డం ఆనించి, ముట్టుకోండి అన్నట్టు నిలబడుతుంది. ఎందుకలా వస్తుందో చదువుకున్నవాళ్ళు వచ్చి ఎన్నో కారణాలు చెప్పి వెళ్ళారు. సరంగులు మాత్రం దాని ఇష్టం అని ఊరుకుంటారు.

దాని ఇష్టం కాబట్టే అక్కడ కట్టుబాటు ఒకటుంది. పడవ తిమింగలం దగ్గరికి వెళ్ళకూడదు, తిమింగలమే పడవ దగ్గరికి రావాలి. ఆ వచ్చేదాకా ఇంజను ఆపకూడదు. గేరు తీసేసి ఊరికే గురగురలాడిస్తూ ఉంచాలి. ఆ చప్పుడును బట్టే తల్లి పడవ ఎక్కడుందో తెలుసుకుంటుంది. చప్పుడు ఆగిందా, దానికి అనుమానం వస్తుంది, పిల్లని తీసుకుని పక్కకి తప్పుకుంటుంది. పట్నం నుంచి వచ్చిన వాళ్ళకి ఇది ఎక్కదు. ప్రతి సీజనులోనూ ఎవరో ఒక పెద్దావిడ, ఆ పాడు చప్పుడు ఆపితే ఎంత ప్రశాంతంగా ఉంటుందో కదా అంటుంది. సిరీలో దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే. ప్రశాంతత కావాలంటే చర్చికి వెళ్ళండమ్మా, తిమింగలం కావాలంటే చప్పుడు భరించండి అనేవాడు. పడవంతా నవ్వేది.

అతని పడవకి తిమింగలం రాని రోజంటూ లేదని పేరు. రోజుల తరబడి తిమింగలం మొహం చూడని పడవని అక్కడ ఉప్పెక్కిన పడవ అంటారు. ఆ సరంగుని మిగతావాళ్ళు ఏడిపించుకు తింటారు. భోజనం దగ్గర ఉప్పు గిన్నె అతని ముందుకి జరిపి, నీకెందుకులే, ఒంటినిండా ఉందిగా అంటారు. ఆ గిన్నె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సిరీలో ముందుకి జరగలేదు. అదంటే అతనికి మహా గర్వం. బయటికి చెప్పుకోకపోయినా నడకలో కనిపించేది.

ఇక తోమాసా. ఆమెది సముద్రం ఊరు కాదు. ఎడారి మధ్యలో నీటి ఊట, దాని చుట్టూ ఖర్జూరపు తోటలు, సరస్సు పేరే ఉన్న సాన్ ఇగ్నాసియో ఊళ్ళో పుట్టింది. పెళ్ళయి సరస్సు ఒడ్డుకి వచ్చిన ఏడే టూరిస్టులు దిగే రమీరో క్యాంపులో వంటకి కుదిరింది. రమీరో సిరీలోకి పెద్దనాన్న కొడుకు, క్యాంపు యజమాని. ఆమె చేతి గోధుమ రొట్టెలు తిన్నవాళ్ళు తిమింగలాన్ని మర్చిపోయినా వాటిని మర్చిపోలేదు. పిల్లలు కలగలేదు. వంటిల్లే ఆమె సంసారం. పొద్దున పడవలు బయల్దేరేసరికి ఆమె పిండి కలుపుతూ ఉండేది. అవి తిరిగొచ్చేసరికి పులుసు దించుతూ ఉండేది. దిగినవాళ్ళు ఒకరినొకరు కౌగలించుకుని ఏడుస్తూ, నవ్వుతూ, తడిసిన చేతులు ఆమెకి చూపించేవారు. ముట్టుకున్నాం, ముట్టుకున్నాం అని చిన్నపిల్లల్లా చెప్పేవారు. ముందు చేతులు కడుక్కోండి, పులుసు చల్లారిపోతోంది అనేది తోమాసా.

కాపురానికి వచ్చిన మొదటి సీజనులో ఒక్కసారి ఆమె అడిగింది, నన్నూ తీసుకెళ్ళవూ అని. పడవ నిండా జనం ఉన్నారు, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు సిరీలో. వచ్చే ఏడూ జనమే ఉన్నారు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది, అతను చెప్పడం మానలేదు. సీజను ముగిసి ఆఖరి పడవ ఒడ్డుకి లాగిన రోజున వంటింటి గుమ్మంలో తల పెట్టి, వచ్చే ఏడు తప్పకుండా తోమా అనేవాడు. అలాగేలే, ముందు ఆ కాళ్ళు దులుపుకో, ఇసకంతా లోపలికి తెస్తున్నావ్ అనేది ఆమె. ఇద్దరికీ అది నవ్వులాటగా మారిపోయింది. నవ్వులాటగా మారిన మాట ఎవరికి ఎంత గుచ్చుకుంటుందో పైవాళ్ళకి ఏం తెలుస్తుంది? పక్కనున్న మొగుడికే తెలియలేదు.

పోయిన శీతాకాలం ఆమెకి అన్నం సయించడం మానేసింది. ముందు పొయ్యి పొగ అన్నారు, తర్వాత వయసు అన్నారు. చెల్లెలు కాందెలారియా ఊరుకోక పట్నం తీసుకెళితే, పెద్దాసుపత్రిలో కడుపులో గడ్డ అని, చాలా దూరం పాకిందని, ఇంటికి తీసుకెళ్ళి ఆమెకి ఇష్టమైనట్టు చూసుకోమని చెప్పారు. ఆ మాటకి అర్థం ఏమిటో తెలియనిదెవరికి? తోమాసా ఖర్జూరపు తోటలోని పుట్టింటికి పోనంది. వంటింటి వెనక గదిలో మంచం వేయించుకుంది. ఆమె పొయ్యి దగ్గరికి కాందెలారియా వచ్చింది. అక్క గోడ అవతలి నుంచి చప్పుడు విని, పిండి ఇంకా నలగలేదు కాందే అని చెప్పేది.

సిరీలోకి అప్పటినుంచి ఒకటే పట్టుకుంది. మార్చి అయిపోవస్తోంది. మగ తిమింగలాలు ఏనాడో వెళ్ళిపోయాయి. పిల్లలున్న తల్లులు కొన్ని మాత్రం సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర మిగిలాయి. అవీ రేపో మాపో బయల్దేరతాయి. అవి వెళ్ళేలోపు తోమాసా చెయ్యి ఒకదాని మీద పడాలి. లేకపోతే తను ఇన్నేళ్ళూ చెప్పిన వచ్చే ఏడు అనే మాట ఏమైనట్టు? ఇంక వచ్చే ఏడు లేదని అతనికి తెలుసు. రాత్రి పగలు అదే ఆలోచన. మంచం పక్కన కూర్చోమంటే రెండు నిమిషాలు కూర్చుని, మొగ దగ్గర ఇవాళ ఎన్ని కనిపించాయో కనుక్కొస్తానని లేచేవాడు.

కాందెలారియా మండిపడింది. ఆమె కూర్చోలేకపోతోంది బావా, పడవలో ఎలా తీసుకెళతావు అంది. పరుపు వేస్తానన్నాడు. పెట్రోలు వాసనకి ఆమెకి ముందునుంచీ కడుపులో తిప్పుతుంది కదా అంది. పడవని గాలికి ఎదురుగా నిలబెడతానన్నాడు. నీ గొడవ నీదే గాని ఆమెనడిగావా అంది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, అడగలేదని. వెళ్ళి అడిగాడు.

తోమాసా కాసేపు అతని ముఖంలోకి చూసింది. "సరే పద. ఎప్పటినుంచో పిలుస్తున్నావుగా," అంది.

మర్నాడు పొద్దున క్యాంపంతా కదిలింది. రమీరో ఆ పూట సిరీలో పడవకి టూరిస్టులని రాయలేదు. మిగతా సరంగులు మాట్లాడుకుని, మొగ దగ్గరి మంచి చోటు ఖాళీగా వదిలేశారు. తల్లీ పిల్లా కనిపిస్తే తాము పక్కకి పోతామన్నారు. పడవ నడుమ పరుపు వేశారు. ఆమెని దుప్పట్లలో చుట్టి నలుగురు ఎత్తుకొచ్చారు. ఎంత తేలికైపోయిందో మోసినవాళ్ళకి తెలిసింది, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. ఆమె మాత్రం, జాగ్రత్తరా, గుడ్ల బుట్టలా పట్టుకోండి అని వాళ్ళని నవ్వించింది. కాందెలారియా వెంట వస్తానంది. వద్దు, ఇవాళ మేమిద్దరమే అంది తోమాసా. ఆ మాటని ఎవరూ పట్టించుకోలేదు, సిరీలో అసలే పట్టించుకోలేదు. అతను పెట్రోలు ట్యాంకు చూసుకుంటున్నాడు.

నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. గాలి లేదు. మొగ దగ్గర గేరు తీసి, ఇంజను గురగురలాడిస్తూ సిరీలో నిలబడి నాలుగు వైపులా చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు. కుడివైపు ఓ తల్లి ఊపిరి వదిలింది, పక్కనే చిన్న ఊపిరి. రెండూ ఇటే తిరిగాయి. తోమా, వస్తున్నాయి, వస్తున్నాయి అన్నాడు.

సరిగ్గా అప్పుడే గాలి కాస్త కదిలి, వెనకనుంచి పొగని పడవ మీదికి తోసింది. తోమాసాకి డోకు వచ్చింది. కడుపులో ఏమీ లేదు గనుక వట్టి డోకులు, ఒళ్ళంతా మెలితిరిగిపోయేలా. సిరీలో పడవ ముక్కు తిప్పాడు. పొగా తిరిగింది. ఇంకొక్క నిమిషం ఓర్చుకో తోమా, నాలుగు బారల దూరంలో ఉంది అన్నాడు. ఆమె పెదాలు బిగించి తల ఊపింది. మళ్ళీ డోకు వచ్చింది. ఈసారి నోటి వెంట కొంచెం రక్తం పడింది.

"సిరీలో, అది ఆపేయవా," అంది.

అతను ఇంజను వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. తల్లి బూడిదరంగు వీపు అక్కడే ఉంది. సరంగు అయినప్పటినుంచి ఎవరడిగినా చేయని పని అది. చెయ్యి చాచి ఆపేశాడు.

సరస్సు మీద ఒక్కసారిగా ఏ చప్పుడూ లేకుండా పోయింది. పడవ అంచుకి నీళ్ళు తగిలే సవ్వడి వినిపించింది. ఎక్కడో ఒడ్డున కొంగ అరిచింది. తల్లి తిమింగలం కాసేపు నిలిచింది, మునిగింది, తేలినప్పుడు చాలా దూరంలో ఉంది, మొగ వైపు తిరిగి. అయిపోయింది, నా చేతులారా పోగొట్టాను అనుకున్నాడు సిరీలో.

డోకులు ఆగాయి. తోమాసా మెల్లగా లేచి కూర్చోవాలని చూసింది. అతను వెళ్ళి, ఆమె పడిపోకుండా పరుపు ముందు చెక్క మీద అడ్డుగా కూర్చున్నాడు. ఆమె అతని వీపుకి తల ఆనించింది. సిరీలో మొగ వైపే చూస్తున్నాడు. ఇంకో తల్లి ఉండాలి, నిన్న రెండు కనిపించాయన్నారు, రెండోది ఎటు పోయిందని అతని కళ్ళు వెతుకుతున్నాయి. నీ మోకాలు నొప్పి తగ్గిందా అని ఆమె వెనకనుంచి అడిగింది. తగ్గిందన్నాడు. మీ అమ్మ నన్ను మొదటిసారి చూసి ఏమందో గుర్తుందా అంది. ఊఁ అన్నాడు. ఇంకా ఏదో అంది. అతనికి సరిగ్గా వినపడలేదు, ఎందుకంటే అప్పుడే ఎడమవైపు దూరంగా తెల్లటి ఊపిరి లేచింది.

ఇక ఆగలేకపోయాడు. ఆమెని పక్కకి జరిపి, తల కిందికి దుప్పటి మడత తోసి, ఇంజను తాడు లాగాడు. లాగడమే కాదు, గేరు వేసి ఆ ఊపిరి మీదికే పోనిచ్చాడు. కట్టుబాటు ప్రకారం అది తప్పు. మిగతా పడవల్లో సరంగులు చూశారు, చూసి తలలు తిప్పుకున్నారు. వాళ్ళూ మనుషులే కదా.

రెండో తల్లి దొరికింది. అది మంచి మనసున్నదో, లేక ఆ రోజు దానికి తోచలేదో, పారిపోలేదు. దాని పిల్ల నేరుగా పడవ పక్కకి వచ్చి, పెద్దవాటి ఒంటికి పట్టే గుల్లలు ఇంకా పట్టని నున్నటి మూతి పైకెత్తింది. సిరీలో భార్యని రెండు చేతులా ఎత్తి అంచు దాకా తెచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆ మూతి మీద పెట్టాడు. చూడు తోమా, చూడు అని ఏడుస్తున్నాడు. మళ్ళీ పొగ కమ్ముతోంది. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. బాగుంది సిరీలో, ఎంత మెత్తగా ఉందో అంది. కాసేపాగి, ఇంక ఇంటికి వెళ్దామా అంది.

ఒడ్డున అందరూ నిలబడి ఉన్నారు. ముట్టుకుంది అని సిరీలో దూరంనుంచే కేకేశాడు. చప్పట్లు కొట్టారు. రమీరో అందరి ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం, గోడ అవతల రొట్టెలు కాలుతుండగా, తోమాసా వెళ్ళిపోయింది. అప్పటికి సిరీలో ఒడ్డున ఉన్నాడు, పడవ అడుగున ఉన్న పాచి గీకుతున్నాడు.

ఆమెని ఖర్జూరపు తోటల ఊళ్ళో, వాళ్ళ అమ్మ సమాధి పక్కన పాతిపెట్టారు. తర్వాత తొమ్మిది రోజులు జపమాల ప్రార్థన. వచ్చిన ప్రతివాళ్ళకీ సిరీలో అదే చెప్పేవాడు. పోయేముందు ముట్టుకుంది, నేను మాట నిలబెట్టుకున్నాను, ఆమె ముఖం మీరు చూసి ఉండాల్సింది అని. వినేవాళ్ళు అతని భుజం తట్టేవారు. ఆ చెప్పడంలో ఇంజను ఆపిన సంగతి మాత్రం ఎప్పుడూ రాదు. సరంగుకి అది సిగ్గుచేటు. ఆ ఒక్కటీ మింగేసి మిగతాది చెప్పేవాడు.

ఆఖరి ప్రార్థన రోజు మధ్యాహ్నం దూరపు చుట్టమెవరో వస్తే మళ్ళీ మొదలుపెట్టాడు. కాందెలారియా వంటింట్లో కప్పులు కడుగుతోంది. చుట్టం వెళ్ళాక చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కోపంగానే వచ్చింది, అతని ముఖం చూశాక ఆ కోపం కాస్త జారిపోయింది. అయినా అడిగింది.

"పడవలో ఇంజను ఆపావట కదా బావా. ఆ సంగతి ఎవరికీ చెప్పవేం?"

సిరీలో తల దించుకున్నాడు. నీకెవరు చెప్పారని అడగలేదు. అదే నా తప్పు కాందే, అందుకే మొదటిది వెళ్ళిపోయింది, రెండోది దొరకబట్టి సరిపోయింది గాని లేకపోతే ఏమయ్యేది అన్నాడు. దొరకకపోయుంటే నేను బతికుండి కూడా లాభం లేకపోయేది అన్నాడు.

కాందెలారియా అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పడవ దిగాక బతికిన ఆ నాలుగు రోజులూ అక్క చెప్పుకున్నది అదొక్కటే అంది. తిమింగలం గురించి అడిగితే చల్లగా ఉందనేదట, అంతే. ఎవరైనా వస్తే వాళ్ళ ముందు సిరీలో తృప్తి కోసం బాగుందనేదట. మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నది మాత్రం వేరే. అక్క అన్న మాట అక్క అన్నట్టే చెప్పింది.

"'కూర్చున్నాడే కాందే, ఇంజను ఆపేసి నా పక్కన కూర్చున్నాడు. వీపుకి తల ఆనించుకున్నాను. ఎంత బాగుందో. ఇంకాసేపు కూర్చుంటాడేమో అనుకున్నాను, అంతలోనే లేచాడు.'"

పడవలో ఆ కాసేపట్లో తోమాసా ముఖం ఎలా ఉందో సిరీలో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నీళ్ళ రంగు గుర్తుంది. పాటుకి నీరు ఎటు లాగుతోందో గుర్తుంది. రెండోది ఊపిరి వదిలిన చోటు ఇప్పుడు చూపించమన్నా చూపిస్తాడు. ఆమె మూడోసారి ఏదో అంది, అది ఏమిటో తెలియదు. ఇక ఎవరినడిగినా తెలియదు. కూర్చున్నంతసేపూ అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అతని చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్ళి వీపుని తడుముకుంది. చొక్కా తప్ప అక్కడేముంటుంది.

"ఊరికే లేవలేదు కాందే," అన్నాడు చివరికి. "దుప్పటి మడిచి తల కింద పెట్టాకే లేచాను."